తవుడు మైనం పాళ్లు

ఆవిడ ముప్పై ఏళ్లు బట్టలు కుట్టింది. చూపు మందగించాక సోయా మైనంతో కొవ్వొత్తులు పోయడం నేర్చుకుంది. భర్త బస్సు డ్రైవరు. పక్షవాతం వచ్చి తగ్గింది గానీ, కుడిచేతి వేళ్లకు స్పర్శ పోయింది. ఆ సంగతి ఆయన బయటపెట్టలేదు. ఊరికే కూర్చుంటే మనిషి కుంగిపోతాడని, కొవ్వొత్తులు నొక్కి చూసే పని ఆయనకు అప్పజెప్పింది.

ఎండలు ముదరగానే కొవ్వొత్తులన్నీ మెడలు వాల్చేశాయి. సోయా మైనం మెత్తన. గట్టిపరిచేది ఏదైనా కలపాలి. తేనెమైనం సరిపోయేదే కానీ, కొనేవాళ్లు మొక్కల సరుకే కావాలన్నారు. అందుకని పామాయిల్ నుంచి తీసే స్టియరిక్ యాసిడ్ పలుకులు, కార్నోబా అనే ఆకుమైనం, తవుడు మైనం తెచ్చి, వేర్వేరు పాళ్లలో కలిపి ముక్కలు పోసింది.

ఆయన కుడి బొటనవేలితో ఒక్కొక్కటీ నొక్కి, "భేషుగ్గా ఉంది" అన్నాడు. అన్నింటికీ అదే మాట. అనుమానం వచ్చి, ఏమీ కలపని ముక్క ఒకటి చేతికిచ్చింది.

"ఇదైతే రాయే!" అన్నాడు. తీరా చూస్తే వేలు సగం దాకా దిగబడి ఉంది. ఆయన తల దించుకున్నాడు.

"తెలియట్లేదని చెప్పొచ్చు కదండీ?"

"చెప్తే ఈ పని కూడా తీసేసుకుంటావని..."

ఆవిడ ఇంకో ముక్క తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఎడమ చెయ్యేమైనా సెలవులో ఉందా? దాంతో చూడండి" అంది.

ఈసారి ఆయన నిక్కచ్చిగా చూశాడు. స్టియరిక్ కలిపింది గట్టిదే గానీ, పైనంతా తెల్లమచ్చలు. కార్నోబా ఎక్కువై నిలువునా బీటలిచ్చింది.

"అచ్చం నీ కోపమే! ముట్టుకుంటే పగులుతోంది."

"నోరు మాత్రం బాగానే పనిచేస్తోంది!"

నూటికి ఐదు పాళ్ల తవుడు మైనం చాలలేదు. పది పాళ్లది రేకుల గదిలో రెండు మధ్యాహ్నాలు చెక్కుచెదరకుండా నిలబడింది. అదే ఖాయం చేసుకున్నారు.

మిగిలిన తునకల్ని గోరువెచ్చగా చేసి, రోజూ ఆయన కుడి అరచేతిలో పెట్టి పిసకమనేది. నాలుగు నెలలు గడిచాయి. ఒక ఉదయం వంటింట్లోకి కేక వినిపించింది.

"ఏమే, ఇవాళ వెచ్చబెట్టడం మరిచిపోయావా? చల్లగా ఉంది!"

ఆవిడ పరుగున వచ్చి, తునక తీసేసి తన చెయ్యి పెట్టింది. "మరి ఇది?"

"వెచ్చగా ఉంది" అన్నాడాయన. చిటికెన వేలికీ, దాని పక్క వేలికీ ఇంకా ఏమీ తెలియడం లేదన్నాడు. అయినా ఆ చెయ్యి వదల్లేదు.

పొయ్యి మీది మైనం మాడి పసుపు తిరిగింది. దాంతో పోసిన కొవ్వొత్తులు అమ్మకుండా ఇంట్లోనే వెలిగించుకున్నారు.