ఫిర్దోస్ లేకుండా వెళ్ళిన కారు

మా ఫిర్దోస్ గురించి నేనే చెప్పాలి, అది చెప్పుకోదు. నా తమ్ముడు అబ్దుల్ షుకూర్ కూతురు, నేను దాని ఫుప్పూని, అంటే మేనత్తని. తెనాలిలో రోజూ పొద్దున్నే రైలెక్కి బాపట్లలో ఇంజనీరింగ్ చదివేది. నేను రేపల్లెలో తెలుగు టీచర్ని. పెళ్ళి జంజాటం పెట్టుకోలేదు కాబట్టి వాళ్ళింట్లోనే ఉంటాను, అందరి మీదా అరుస్తాను.

రెండువేల ఎనిమిదిలో దాని క్లాసు పిల్లలు పోటీ కోసం చిన్న రేసు కారు తయారుచేశారు. అందులో స్ప్రింగులు, షాకబ్జార్బర్లు, వాటిని ఎక్కడ బిగించాలన్న లెక్క అంతా ఫిర్దోస్‌దే. అంత లెక్కేంటే అని అడిగితే వంటింటి తలుపు చూపించింది.

"గడియ దగ్గర నెట్టు ఫుప్పూ, వేలు చాలు. మడతబందు దగ్గర నెట్టు, భుజం పెట్టాలి. స్ప్రింగు కూడా అంతే. చక్రానికి దగ్గరగా బిగిస్తే మెత్తనిది చాలు. లోపలికి జరిపితే గట్టిది కావాలి. దాన్ని అదుపు చెయ్యాలంటే షాక్ కూడా మార్చాలి."

పోటీ ఇండోర్ దగ్గర. జడ్జీల ముందు నిలబడి తన లెక్క తనే చెప్పాలని దాని ఆశ. తమ్ముడితో అన్నాల దగ్గర పోట్లాడి ఒప్పించాను. పాపం, ఒప్పుకున్నాడు. తీరా చూస్తే, ఆడ లెక్చరర్లెవరూ రావడం లేదు కాబట్టి అమ్మాయిలు వద్దన్నారు కాలేజీ వాళ్ళు. తోడు నేనొస్తానంటే వ్యానులో చోటు లేదన్నాడు టీమ్ లీడర్ కిరీటి. టైర్లకు మాత్రం ఉందట చోటు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పోటీ రోజు కిరీటి ఫోన్ చేశాడు. "కారు ఎగిరెగిరి పడుతోంది ఫిర్దోస్. ఇందాక పల్టీ కొట్టబోయాను." మలుపులో టైరు స్ప్రింగుకు తగులుతోందని దాని కింది కొసను లోపలి బోల్టుకు మార్చారట. కారు కుంగితే గట్టి స్ప్రింగు వేశారట. షాక్ మాత్రం పాతదే.

"చెప్పకే. వాళ్ళ చావు వాళ్ళు చస్తారు," అన్నాను.

"నడిపేది అతనే, మెడ విరుగుతుంది ఫుప్పూ," అని, ఏం చెయ్యాలో చెప్పేసింది. బయటి బోల్టుకే మార్చమంది, తన స్ప్రింగులే వెయ్యమంది, టైరు తగలకుండా స్టీరింగు తిరిగే హద్దు కాస్త తగ్గించమంది.

మధ్యాహ్నానికి కారు కుదురుగా తిరిగింది. జడ్జీ వచ్చే ముందు కిరీటి మళ్ళీ చేశాడు. ఫోన్ జేబులో పెట్టుకుంటాను, కట్ చెయ్యకుండా వింటూ ఉండమన్నాడు. స్పీకర్ పెట్టుకుని ఇద్దరం మంచం మీద కూర్చున్నాం.

సస్పెన్షన్ ఎవరు చేశారని జడ్జీ ఇంగ్లీషులో అడగడం వినపడింది.

"నేనే సార్," అన్నాడు కిరీటి.

నేను ఫోన్లోకి అరవబోయాను. ఫిర్దోస్ నా నోరు గట్టిగా మూసింది. "వద్దు ఫుప్పూ. ఇంకో ఏడాది వాళ్ళతోనే చదవాలి. గొడవైందని ఇంట్లో అబ్బాకు తెలిస్తే కాలేజీ మాన్పిస్తారు," అంది నా చెవిలో. దాని కళ్ళల్లో నీళ్ళు. నాకూ ఏడుపొచ్చింది.

ఇంతలో పక్కకొచ్చాడేమో, ఫోన్లోంచి కిరీటి గొంతు, గుసగుసగా. "షాక్ ఏటవాలుగా ఎందుకు పెట్టామని అడుగుతున్నారు. త్వరగా చెప్పు."

ఫిర్దోస్ కళ్ళు తుడుచుకుని చెప్పింది.