హిందూపురంలో కరెంటు పోయిన మధ్యాహ్నం

మా అక్క కూతురు పిలిస్తే పలకడం లేదని, చప్పుడైనా తల తిప్పడం లేదని హిందూపురం నుంచి వచ్చిన ఒకాయన చెప్పాడు. ఎనభైల నడుమ సంగతిది. ధర్మవరంలో చేతిమగ్గం కూడు పెట్టక, బావ హిందూపురం పోయి కరెంటు మగ్గాల షెడ్డులో చేరాడు. పాప అక్కడే పుట్టింది.  కబురు విన్న మరునాడు పొద్దున్నే ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కాను. పెనుకొండ మీదుగా రెండు గంటల దారి. కిటికీ పక్కన ఎండిన వేరుశనగ చేలు పోతున్నా నా ధ్యాసంతా పాప మీదే.

స్టేషన్ బయట రెండు రూపాయలకు జట్కా కుదిరింది. "మగ్గాల షెడ్ల కాడికా? ఆడ గొంతు చించుకున్నా ఎవురికీ ఇనపడదప్పా. మా చెల్లెలు ఆడే ఉండాది, సైగలతోనే బతుకుతాండాది" అన్నాడు బండి సాయిబు. ఉన్న ధైర్యం కాస్తా పోయింది.

షెడ్డు గోడకు ఆనించి వరసగా ఒంటి గదులు, వీధంతటికీ ఒకే కొళాయి. అక్క గదిలో మగ్గాల మోతకు గూట్లో గ్లాసులు అదురుతున్నాయి. మా ఇంట్లో ఆకలేస్తే నాయన మగ్గం దిగేవాడు. ఇక్కడ బావ తినాలంటే సైరన్ మోగాలి. పాప చీర ఉయ్యాలలో నిద్రపోతోంది.

"సూడరా!" అని అక్క నా చెవిలో అరిచి, ఉయ్యాల పక్కనే పళ్లెం మీద గరిటెతో బాదింది. పాప కదల్లేదు. నేనూ బాదాను. అప్పుడూ కదల్లేదు. సాయంత్రం రైలుకు బెంగుళూరు ఆసుపత్రికి పోదామని బట్టలు సర్దడం మొదలుపెట్టాం.

అప్పుడు కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. పాప ఉలిక్కిపడి కెవ్వుమంది. పక్క గదిలో ఇంకో బిడ్డ, ఆ అవతల మరో బిడ్డ, వరసంతా ఏడుపే! నేను వెనక నుంచి "బుజ్జీ" అన్నాను. పాప ఏడుపు ఆపి నావైపు తిరిగింది.

"ఇనపడతాండాదిరా! నా బిడ్డకి ఇనపడతాండాది!" అక్క నవ్వుతూనే ఏడ్చింది. మగ్గం ఆగితే బిడ్డ లేస్తాదని మా అవ్వ ఎప్పుడూ అనేది. మగ్గాల ఇంట పుట్టి ఆ మాటే మరిచి, ఆ మోతలోనే పళ్లేలు బాదుతూ కూర్చున్నాం.

కాసేపటికి కరెంటు వచ్చింది. మగ్గాలు కదలగానే పాప కళ్లు మూతలు పడ్డాయి. ఊరట పొందాల్సిన నాకు మళ్లీ దిగులు పట్టుకుంది. ఆ మోత పాపకు జోలపాట అయింది, అమ్మ గొంతు వినపడడం మాత్రం కరెంటు కోత దయ అయింది. మీరు అటు బంధువుల ఇళ్లకు వెళ్తే, కరెంటు కోత ఏ వేళో ముందే కనుక్కోండి. ఆ వేళకు చేరి, ముందుగా పిల్లల్ని పేరుపెట్టి పిలవండి.