లాల్బీ ఎనిమిది రేకుల పువ్వు

అప్పటికి మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. పలకల కార్ఖానాల వీధి వెనక ఒక అద్దె గదిలో మహిళా మండలి నడిచేది. కుట్టుపని నేర్పే పంతులమ్మ పెళ్లి చేసుకుని వెళ్లిపోవడంతో, ఆమె పనిని నాలుగు నెలలుగా లాల్బీ చూస్తోంది. మా నాయనమ్మ వెంకటసుబ్బులమ్మ ఆమె దగ్గర నేర్చుకున్న ఎనిమిది మందిలో ఒకరు. నాకు తెలిసిందంతా నాయనమ్మ చెప్పినదే.

లాల్బీ భర్త నాగూర్ వలి పలకలు కోసేవాడు. పదిహేనేళ్లు ఆ దుమ్ము పీల్చాక దగ్గు పట్టుకుంది. ఇక కార్ఖానా గడప తొక్కొద్దన్నాడు డాక్టరు. మండలి పని ఖాయం కాకపోతే, ఆయన వదిలిన ఆ దుమ్ములోకే లాల్బీ వెళ్లాలి. ఖాయం కావాలంటే ఎనిమిదో తరగతి చదివి ఉండాలి. ఆమెకు తెలుగు అక్షరాలే రావు. అయితే పని నేర్పే తీరు కళ్లారా చూసి, బాగుందనిపిస్తే, చదువు మినహాయించమని, మండళ్లను తనిఖీ చేసే బ్లాకు ముఖ్యసేవిక కామేశ్వరి పైకి రాయవచ్చు. మంగళవారం పొద్దున వస్తానని, పన్నెండు గంటల బస్సుకు గిద్దలూరు వెళ్లిపోతానని ఆమె కబురు పంపింది.

అంత తక్కువ వ్యవధిలో ఏ వస్తువు పూర్తవుతుంది? గుడ్డ మీద ఊలుతో ఒక మేజాబల్ల కవరు కుట్టడానికి నెల పట్టేది. గది మూలలో మాత్రం బ్లాకు ఆఫీసు పంపిన ప్లాస్టిక్ జాలీ చుట్ట ఒకటి పడి ఉంది. దాన్ని ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియక, ఒకావిడ వడియాలు ఆరబెట్టుకోవడానికి ఒక ముక్క అడిగి పట్టుకుపోయింది. లాల్బీ దాని కన్నాల్లోంచి లావు ఊలు పోనిచ్చి చూసింది. గుడ్డలాగా ముడుచుకోదు, చట్రం అక్కర్లేదు, ఒక్కో కుట్టుకు ఒక్కో కన్నం నిండిపోతుంది. రెండు ముక్కలు అంచులు కలిపి కుట్టేస్తే గోడకు తగిలించుకునే ఉత్తరాల సంచి ఒక్క పూటలో తయారు. ముందు వైపున ఎనిమిది రేకుల పువ్వు.

నమూనాకు ఆమె పలక వాడేది. ఎక్కాల కోసం గళ్లు గీసిన పలక తెచ్చి, కుట్టు పడాల్సిన గడిలోనల్లా బలపంతో చుక్క పెట్టేది. ఆడవాళ్లు దాన్ని చూసి, గడికి ఒక కన్నం చొప్పున కుట్టుకుపోయేవారు. ఆ మంగళవారం పువ్వుకు చుక్కలు పెట్టిన పలకను కిటికీలో ఆనించి, లాల్బీ నీళ్ల కుండ నింపడానికి వెళ్లింది.

ఆ ఎనిమిది మందిలో కాశమ్మ అందరికంటే ముందు వచ్చింది. కాశమ్మ కార్ఖానాలో పద్దెనిమిదేళ్లుగా పలకలు తుడిచి పెట్టెల్లో సర్దుతోంది. కిటికీలో పలక కనిపించగానే కొంగు తడిపి రెండు వైపులా నిగనిగలాడేటట్టు తుడిచి, మళ్లీ అక్కడే పెట్టింది. లాల్బీ వచ్చి చూసి కూలబడింది.

"ఏంది లాల్బీ, అట్ల కూచున్నావు?"

"పలక తుడిచినావా అక్కా?"

"మరకలుంటే తుడవరా? పలక చేతికొస్తే నా చెయ్యి ఊరుకుంటదా?" అన్న తర్వాత గానీ కాశమ్మకు తానేం చేసిందో తెలియలేదు.

మళ్లీ చుక్కలు పెట్టే వ్యవధి లేదు. కామేశ్వరి అప్పటికే గుమ్మంలో గొడుగు ముడుస్తోంది.

లాల్బీ జాలీ ముక్కలు పంచి, నడిమి కన్నం వెతుక్కోమంది. తరువాత గుర్తున్నంతలో నోటితో చెప్పుకుపోయింది. నడుమ నుంచి పైకి ఎనిమిది, పక్కకు ఎనిమిది, మూలకు ఇన్ని అని. కామేశ్వరి గోడ పక్క కుర్చీలో కూర్చుని నోటుబుక్కులో ఏదో రాసుకుంటోంది. గంట గడిచాక మా నాయనమ్మ తన జాలీని దూరంగా పట్టుకుని చూసింది.

"లాల్బీ, నా పువ్వు ఒక పక్క కుంటుతాంది."

పక్కావిడ పువ్వూ అంతే. ఎనిమిది మందివీ ఒకే చోట కుంటుతున్నాయి. లాల్బీ ఒక్కో జాలీ తీసుకుని వేలితో లెక్కపెట్టింది. కిందికి దిగే రేకుకు ఎనిమిది చెప్పాల్సిన చోట ఏడు చెప్పింది. వాళ్లు సరిగ్గా వినలేదని అనవచ్చు. అన్నా ఎదురు చెప్పేవాళ్లు లేరు. కుర్చీలో కలం ఆగింది.

"తప్పు మీది కాదు, నాది. ఏడు చెప్పినాను. ఆ రేకు ఇప్పేయండి" అంది లాల్బీ.

ఎవరి చెయ్యీ కదల్లేదు. గుడ్డ మీద కుట్టు విప్పితే సూది గుర్తులు మిగిలిపోయేవి. అందుకు పాత పంతులమ్మ తిట్టిన తిట్లు వాళ్లకింకా గుర్తున్నాయి. లాల్బీ వాళ్లతో పాటు తాను కుట్టిన జాలీ పైకెత్తి, అందరూ చూస్తుండగా ఊలు సర్రున లాగేసింది. కన్నాలు కొత్తవాటిలాగే ఉన్నాయి. ముందుగా కాశమ్మ విప్పింది. "తుడిచేది నాకు అలవాటే కదా" అందామె. అందరూ నవ్వారు. నవ్వుతూనే విప్పారు.

లాల్బీ మళ్లీ లెక్కలు చెప్పలేదు.

"నన్ను నమ్మొద్దండి. ఎదురు రేకును చూడండి. అదెంతుంటే ఇదీ అంతే."

ఆ తరువాత ఎవరి లెక్క వాళ్లదే. ఒకరి జాలీని ఒకరు గుంజుకుని చూసుకున్నారు, ఒకరి తప్పు ఒకరు పట్టుకున్నారు. లాల్బీ వాళ్ల మధ్య ఊరికే తిరిగింది. పన్నెండు గంటల బస్సు వెళ్లిపోయింది. కామేశ్వరి లేవలేదు. ఒంటి గంటన్నరకు ఆరు సంచులు పూర్తయ్యాయి, రెండు మిగిలాయి. అందరూ వెళ్లాక ఆమె లాల్బీని పిలిచి, నేను చూస్తున్నానని తెలిసీ తప్పు నాదని ఎందుకన్నావమ్మా అని అడిగింది.

"ఎనిమిది మంది చేతుల్లో ఉంది కదమ్మా అది. యాడ దాస్తాను?"

కామేశ్వరి నోటుబుక్కు మూసింది. గొడుగు తీసుకుని బస్టాండుకు నడిచింది. పైనుంచి జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. లాల్బీ ఆ రెండు నెలలూ మండలికి వస్తూనే ఉంది గానీ, కార్ఖానాలో ఆడవాళ్లకు పని ఉందేమోనని కాశమ్మను రెండుసార్లు అడిగింది.

బ్లాకు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిన రోజు లాల్బీ దాన్ని మడత విప్పకుండానే మా నాయనమ్మకు ఇచ్చింది. నాయనమ్మ చదివింది. చదువు మినహాయించి పని ఖాయం చేస్తున్నట్టు ఉంది. లాల్బీ మళ్లీ చదవమంది. నాయనమ్మ మళ్లీ చదివింది.

"ఇంకోసారి ఇక్కడొద్దు అక్కా. ఇంటికొచ్చి ఆయనకు చదువు" అంటూ ఆమె చెయ్యి పట్టుకుంది. కోమట్ల ఇంటి కోడలైన నాయనమ్మ, లాల్బీ వాళ్లుండే సాయిబుల వీధి వైపు ఎప్పుడూ వెళ్లి ఎరగదు. మా నాయనమ్మ చెప్పులు వేసుకుని, ఆ చెయ్యి విడిపించుకోకుండా, నాగూర్ వలి దగ్గరికి నడిచింది.