హార్లన్ స్టాప్‌వాచీ

నేను మా మిసిసిపీ కాలేజీ బేస్‌బాల్ మైదానంలో ఉడికించిన వేరుశనక్కాయలు అమ్మడం మొదలుపెట్టిన నాటి నుంచీ హార్లన్ వస్తూనే ఉన్నాడు. ఆడే కుర్రాళ్లను చూసి పెద్ద జట్టుకు రాసి పంపడం అతని ఉద్యోగం. ఇన్నేళ్లలో నేర్చుకున్నది మాత్రం వాచీ నొక్కడమొక్కటే.

ఈసారి మా క్యాచర్, అంటే బ్యాటు పట్టినవాడి వెనక కూచుని బంతి అందుకునే ఎమెట్ కోసం వచ్చాడు. పెద్ద జట్లు కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌కు మూడు వారాలే ఉన్నాయి. హార్లన్ రాసే నాలుగు ముక్కలతో పిల్లవాడి బతుకు మారిపోవచ్చు. ఆ రోజు ఆటలో అవతలివాళ్లలో ఒక్కడూ రెండో బేస్‌కు దొంగ పరుగు తీయలేదు; తీస్తేనే కదా క్యాచర్ అక్కడికి బంతి విసిరి వాణ్ణి అవుట్ చేసేది. అందుకని, ఆటకు ముందు ఒళ్లు వేడెక్కడానికి ఎమెట్ మెల్లగా విసిరిన బంతికి పట్టిన సమయాన్నే హార్లన్ రాసుకున్నాడు.

"చెయ్యి నెమ్మది, మిస్ ఓర్లీన్," అన్నాడు కాయలు ఒలుస్తూ.

"ఒరే హార్లన్, ఆ చేతికి భయపడే కదరా ఒక్కడూ కదల్లేదు! పోయిన వారం నలుగురు పరుగెత్తితే నలుగురినీ అవుట్ చేశాడు."

"నేను కళ్లారా చూసిందే రాస్తానమ్మా."

"నువ్వు చూసింది నీ గడియారాన్నిరా, వాడిని కాదు!"

ఎమెట్‌ను చూడ్డానికే వచ్చిన ఇంకో పెద్ద జట్టు మనిషి మాత్రం నేరుగా అవతలి కోచ్ దగ్గరికి పోయి, మీవాళ్లు ఎందుకు పరుగెత్తలేదని అడిగాడు. ఆ మనిషి జట్టే డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో ఎమెట్‌ను ఎత్తుకుపోయింది.

మరుసటి ఏడు హార్లన్ మళ్లీ వచ్చాడు, వాచీకి కొత్త బ్యాటరీ వేయించుకుని.