చూరులో దోపిన గ్లాసు

ఈ ఫొటోలోని కాగితం కప్పు చూడండి. నిన్న మానవపాడు దగ్గర మా ఊరి హోటల్లో అందరికీ గాజు గ్లాసుల్లో చాయ్ పోసి, నాకు మాత్రం దీన్ని ఇచ్చారు. అడిగితే, "నీట్‌గ ఉంటదని ఇచ్చిన అన్నా" అన్నాడు హోటలాయన కొడుకు.

మన మాదిగవాడ దోస్తులారా, వాళ్ల నాయిన కాలంలో చూరులో దోపిన మన గ్లాసులు యాదికున్నాయా? చాయ్‌కి కూడా ఆ గడ్డి వాసనే పట్టేది. తాగాక మనమే కడిగి మళ్లీ అక్కడే దోపాలి. పుణెలో మట్టిపని చేసొచ్చిన మా నాయిన ఒకసారి, అక్కడి అలవాటులో, బల్ల మీది గ్లాసు అందుకున్నాడు. "గది నీది గాదు, తెల్వదా?" అంటూ హోటలాయన దాన్ని లాక్కుని రాతికేసి కొట్టాడు. పెంకులు నాయినతోనే ఏరించాడు.

లా చదివే నా బిడ్డకు ఇదంతా చెప్పాను. అమెరికాలో మెక్సికో వలస కూలీల పిల్లలను వేరే బడిలో కూర్చోబెడితే, తల్లిదండ్రులు కోర్టుకెక్కి గెలిచారని తను చదివిందట. అంటరానితనం నేరమని మన కోర్టులూ తీర్పులిచ్చాయి. ఆ తీర్పులు మా ఊరి హోటల్ గడప తొక్కలేదు. చూరు పోయి కప్పొచ్చింది, అంతే.

చేతిలో ఇంటిదాకా తెచ్చిన ఆ కప్పును పారేయబోతే బిడ్డ నా చెయ్యి పట్టుకుంది.

"గది సాక్ష్యం నాయినా. తాత గా పెంకులు గూడ దాచిపెడితే బాగుండు."