మూర్తిగారి మధ్యాహ్నానికి సరిపడే లైను

లీదియా సంగారెడ్డిలో పుట్టింది. తల్లి నర్సు. వార్డులో చీమూ నెత్తురూ తుడిచి వచ్చి, చేతులు కడుక్కుని, అదే చేత్తో అన్నం కలిపి పెట్టేది. కడిగితే పోయేదానికి అసహ్యమెందుకు అనేది ఆవిడ మాట. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లకు మొదటిసారి అసహ్యం వేసింది తొంభైతొమ్మిది వేసవిలో, మాదాపూర్‌లో, చల్లటి ఏసీ గదిలో, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక బ్యాంకు అధికారిని చూసి.

అప్పటికి ఆమె లింగంపల్లిలో గది కిరాయికి తీసుకుని, ఒక చిన్న నెట్‌వర్కు కంపెనీలో పనిచేస్తోంది. ఆమె పని లైన్లు కొలవడం. ఒక ఆఫీసు కంప్యూటర్ల నుంచి మరో ఆఫీసు కంప్యూటర్లకు ఎన్ని సందేశాలు పోతాయి, ఒక్కొక్కటి ఎంత బరువు, ఏ గంటలో రద్దీ ఎక్కువ, ఇవన్నీ చూసి ఎంత లావు లైను కావాలో తేల్చాలి. బ్యాంకులు ఒకదానికొకటి డబ్బు పంపుకునే సందేశాలైతే లెక్క ఇంకా పెరుగుతుంది. దారిలో ఎవడూ చదవకుండా, మార్చకుండా ప్రతిదానికీ తాళం వేయాలి, ముద్ర కొట్టాలి, అందిందని అవతలివాళ్ళు జవాబివ్వాలి. ఆ తాళాలూ ముద్రలూ జవాబులూ కూడా ఆ లైనులోనే పోవాలి.

ఆ అధికారి పనిచేసే బ్యాంకు తన సందేశాల కేంద్రాన్ని కోఠి నుంచి మాదాపూర్ కొత్త భవనంలోకి మార్చింది. అప్పటి నుంచి బొంబాయికి పోవలసిన సందేశాలు సాయంత్రం గడువులోగా చేరడం లేదు. ఎవరి జీతమో, ఎవరి దవాఖానా ఖర్చో మర్నాటికి పడుతోంది. లైను సన్నగా ఉందన్నారు. కొలవమని లీదియాను పంపారు.

ఆమె వెళ్ళి కూర్చుంది. గుమాస్తా బాలనర్సయ్య పొద్దున్నుంచీ సందేశాలు కొడుతూనే ఉన్నాడు. లైను మీద మాత్రం ఏ కదలికా లేదు.

"ఏందన్నా, ఒక్కటి గూడ పోతలేదు?"

"సారు రావాలె మేడం. తాళం కార్డు సారు జేబుల ఉంటది. అది పెట్టనిదే ఏది కదలది."

"సారెప్పుడొస్తరు?"

"ఇంట్ల తిని, జర నడుం వాల్చి వస్తరు."

మధ్యాహ్నం బాగా వాలాక నరసింహమూర్తి వచ్చాడు. జేబులోంచి కార్డు తీసి, దాని మూలతో పంటి సందులో ఇరుక్కున్న వక్కపలుకు గెలికి, చొక్కాకు తుడిచి, యంత్రంలో పెట్టాడు. పొద్దున్నుంచి పేరుకున్నవన్నీ ఆట వదిలిన సినిమా హాలు గేటు దగ్గర జనంలా ఒక్కసారిగా లైను మీద పడ్డాయి.

"చూశారామ్మా, లైను ఎంత నీరసంగా ఉందో!" అని ఆయన త్రేన్చాడు.

వారమంతా అదే తంతు. ఉండబట్టలేక ఒకనాడు అడిగింది.

"ఇంకో ఆఫీసరుగారికి కూడా కార్డు ఇస్తే పొద్దున్నుంచే పంపుకోవచ్చు కదా సార్? మీ రూల్సు ఒప్పుకుంటాయి."

ఆయన ముఖం మాడిపోయింది. "నా సర్వీసంతా ఈ తాళాల మీదే గడిచిందండి. నేను నొక్కితేనే కోట్లు కదులుతాయి. నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళ చేతికిస్తారా? అయినా కోఠి వదిలి ఈ రాళ్ళ గుట్టల్లోకి పొద్దున్నే ఎవరొస్తారండి! మీరు లైను కొలవడానికొచ్చారు. లైను కొలవండి."

ఆఫీసుకు వచ్చి తన మేనేజరు రాకేశ్‌కు చెప్పింది. అతను నవ్వాడు.

"రద్దీ గంటను బట్టే కదా లైను కొలిచేది? ఆ గంటకెంత కావాలో అంత రాయి. ఆ రద్దీ ఎట్లొచ్చిందో మనకెందుకు? ఇగ దాని ఫికర్ విడిచిపెట్టు."

పద్ధతి ప్రకారం ఆ మాటలో తప్పు లేదు. అదే ఆమెకు మింగుడుపడలేదు. లెక్క కట్టింది. ఉన్నదానికి ఎన్నో రెట్లు లావు లైను తేలింది. ఒక్క అంకె కూడా అబద్ధం కాదు, మొత్తం కలిపితే మాత్రం ఎక్కడో కుళ్ళు వాసన.

బ్యాంకు పెద్ద అధికారిణి లక్ష్మీదేవి గదిలో సమావేశం జరిగింది. రాకేశ్ అంతా వివరించాక ఆవిడ లీదియా వైపు తిరిగింది.

"లెక్క సరైనదేనా అమ్మా?"

"లెక్క సరైనదే మేడం. కానీ మూర్తిగారు మధ్యాహ్నం దాకా రారు. రద్దీ అందువల్ల. ఇంకొకరికి కార్డు ఇస్తే ఉన్న లైనే చాలు."

బల్ల కింద రాకేశ్ ఆమె కాలు తొక్కాడు. నరసింహమూర్తి పైకప్పు చూశాడు. లక్ష్మీదేవికి కోపం రాలేదు, ఆశ్చర్యం కూడా కలగలేదు.

"మూర్తిగారు మాకు సీనియరమ్మా. మనుషుల సంగతి మేం చూసుకుంటాం. మీరు లైను సంగతి చూడండి," అంటూ బిస్కెట్ల ప్లేటు ఆమె వైపు జరిపింది.

అందరికీ ముందే తెలుసు. ఆ సంగతి అర్థమయ్యాక లీదియా ఆ ప్లేటు వైపు చూడలేకపోయింది.

కొత్త లైను వచ్చింది. మోడెముకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. నరసింహమూర్తి దూద్‌పేడా తుంచి ఆమె చేతిలో పెడితే, వరండాలోకి పోయి చెత్తబుట్టలో పడేసి, కుళాయి కింద చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. సందేశాలు చిటికెలో పోతున్నాయి కదా అని ఆయన ఇంకా ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. వానలు పడేసరికి మళ్ళీ గడువు దాటసాగాయి.

"మళ్ళీ పిలిచారు. ఇంకో లైను కొలవాలంట," అన్నాడు రాకేశ్, పండగొచ్చినట్టు.

"నేను పోను."

"గింత దానికే ఫీలయితవా?"

"ఫీలు కాదు సార్, రోత."

ఆ నెలలోనే ఉద్యోగం మానేసింది. బాచుపల్లి దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరింది. కొలవడానికి రాకేశ్ వేరెవరినో పంపాడు. వాళ్ళూ సరైన లెక్కే కట్టారు, రెండో లైనూ వేశారు.

డిసెంబరులో లింగంపల్లి బస్టాపు దగ్గర బాలనర్సయ్య కనబడ్డాడు.

"మూర్తి సారు రిటైరయిండు మేడం. శాలువ కప్పిన్రు, పూలదండ ఏసిన్రు. బ్యాంకు ఆయన చేతుల మీదనే నడిచిందని లక్ష్మీదేవి మేడం చెప్పింది. ఇప్పుడు ఇద్దరికి కార్డులిచ్చిన్రు. పొద్దున కొట్టినయి పొద్దున్నే పోతున్నయి."

"మరి ఆ లైన్లు?"

"ఖాళీగనే ఉన్నయి. ఉంటె ఏం పోతది!"

బాలనర్సయ్య నవ్వాడు. తన మాటే నెగ్గిందని ఆమెకు సంతోషం కలగాలి. కలగలేదు. నోట్లో చేదు ఊరింది. పక్కకు తిరిగి ఉమ్మేసి, వచ్చిన బస్సు ఎక్కింది.