గది దాటని మాట

సెతున్య నలభయ్యో ఏట మళ్ళీ పుస్తకాల సంచీ భుజాన వేసుకుంటే మొలెపొలోలెలో చాలామంది ముసిముసిగా నవ్వుకున్నారు. ఆ ఊరి బడిలో ఆమె పంతులమ్మ. ఇంట్లో గొడవలు చూసి కళ్ళు వాచి బడికొచ్చే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడే పని, ఎవరూ అప్పగించకుండానే, ఏళ్ళ తరబడి ఆమె నెత్తిన పడుతూ వచ్చింది. ఆ పనేదో పద్ధతిగా నేర్చుకుందామని కుటుంబ కౌన్సెలింగులో ఎం.ఏ.కి దరఖాస్తు పెట్టింది. సీటొచ్చింది. బడికి సెలవు పెట్టి, రోజూ పొద్దున్నే రాజధాని గాబరోన్‌కి బస్సెక్కసాగింది.

మేనమామ కెబొనాంగ్ ఊరుకునే రకం కాదు. ఊరి పెద్దల సభలో ముందు వరసలో కుర్చీ వేసుకునే మనిషి.

"ఎదుటివాళ్ళు చెప్పేది వినడానిక్కూడా చదువు కావాలిటే? మీ అమ్మమ్మ వాకిట్లో చాప పరుచుకుని ఊరందరి ఏడుపులూ వినేది. ఆవిడకెవరిచ్చారు డిగ్రీ?" అన్నాడు.

ఆయన మాటకి అందరికన్నా గట్టిగా నవ్వింది చెల్లెలు దినేయో. నవ్వు దాచుకోవడం దినేయోకి పుట్టుకతోనే చేతకాదు. తల్లి పోయేనాటికి ఆ పిల్లకి పాలపళ్ళు కూడా ఊడలేదు. సెతున్యే తల దువ్వింది, బడికి పంపింది, పెద్దయ్యాక రపులాకిచ్చి పెళ్ళి చేసింది. మగపెళ్ళివాళ్ళు కట్నంగా ఇచ్చిన పశువుల్ని మేనమామ తోలుకుపోతుంటే, సెతున్య మాత్రం గోడ చాటున నిలబడి ఏడ్చింది. తను పెళ్ళి ఊసు ఎత్తలేదు. అక్కాచెల్లెళ్ళ వాకిళ్ళు పక్కపక్కనే. పొద్దున దినేయో బస్టాండులో వేడివేడి మగ్విన్యలు, అవే, నూనెలో వేయించిన పిండి ఉండలు, అమ్మేది. సాయంత్రం అక్క బస్సు దిగే వేళకి జొన్న సంకటి కెలికి ఉంచేది. రపులా బోర్లు వేసే కంపెనీలో పనివాడు. ఎడారి వైపు పోతే నెలకో రెణ్ణెల్లకో ఇల్లు చూసేవాడు. పెళ్ళై ఏళ్ళు గడిచినా వాళ్ళకి పిల్లలు లేరు. దినేయో నవ్వు చాటున ఉన్న బాధ అదొక్కటే.

కాలేజీలో వినడం ఎంత కష్టమో సెతున్యకి మొదటి నెలలోనే తెలిసొచ్చింది. పంతులమ్మ నోరు కదా, ఎదుటి మనిషి సగం చెప్పగానే సలహా తన్నుకొచ్చేది. పాఠం చెప్పే మొలోసివా మేడమ్, నెరిసిన జుట్టుకి ఎప్పుడూ నీలం గుడ్డ కట్టుకునే మనిషి, వేలు పెదవి మీద పెట్టి ఆపేది. సలహా అనేది చాలాసార్లు నోరు మూయించడమేనని, మనిషి తన మాట తనే చివరిదాకా వినేట్టు చెయ్యడం మన పని అని చెప్పేది. అన్నిటికన్నా ముందు ఇంకో మాట చెప్పింది. గదిలో విన్నది గది దాటకూడదు. భర్తతోనైనా, పాస్టరుతోనైనా, తోడబుట్టినదానితోనైనా సరే. అందరూ తలలూపారు. సెతున్య కూడా ఊపింది. అప్పుడది సులువుగానే అనిపించింది.

రెండో ఏడు చదువులో భాగంగా ఆమెని నగరంలో ఒక రక్తపరీక్షల కేంద్రానికి పంపారు. ఎయిడ్స్ రోగం ఇంటింటి తలుపూ తడుతున్న కాలం అది. శనివారం వచ్చిందంటే ఏదో ఒక శ్మశానంలో మట్టి తవ్వుతూనే ఉండేవారు. జనం తమ ఊళ్ళో పరీక్ష చేయించుకోడానికి జంకి, మొహం తెలియనిచోట అయితే మేలని నగరానికొచ్చేవారు. రపులా కూడా అలాగే అనుకుని, నుదుటి దాకా టోపీ దించుకుని, ఒక మధ్యాహ్నం ఆ గది తలుపు నెట్టాడు.

బల్ల వెనకాల కూర్చున్నది వదిన.

అయినవాళ్ళ కేసు తీసుకోకూడదన్నది నియమం. సెతున్య లేచి, పక్కగదిలో ఉన్న ఇంకొకరిని పిలిచి, తను బయటికి వెళ్ళిపోయింది. అంతవరకూ తప్పు పట్టాల్సిందేమీ లేదు. కానీ సాయంత్రం బస్టాపులో అతనే ఆమెని వెతుక్కుంటూ వచ్చాడు. దగ్గు తెరలు ఆగేదాకా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఉందన్నారు వదినా."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. దినేయోకి వెంటనే చెప్పమంది, కావాలంటే పక్కన తానుంటానంది.

"చెప్తాను. దుక్కులు కానీ. పొలం దగ్గర ఇద్దరమే ఉంటాం కదా, అప్పుడు చెప్తాను. నువ్వు మాత్రం నోరెత్తకు. నువ్వు ప్రమాణం చేసినదానివి, విన్నది గది దాటనివ్వమని ఆ గోడ మీదే రాసుంది, చదివాను" అన్నాడు.

మర్నాడు ఆమె మొలోసివా మేడమ్ దగ్గరికి పోయి, పేర్లేవీ లేకుండా సంగతి చెప్పింది. మేడమ్‌కి అర్థం కాకపోలేదు. ఆ రహస్యం అతనిది, అతని నోటితోనే రావాలి, నువ్వు చెయ్యగలిగింది అతన్ని వదలకుండా ఒప్పించడమే అంది. ఒక్కసారి నువ్వు చెప్పేస్తే రేపు ఈ తలుపు ఎవరూ తట్టరని కూడా అంది. అని, లేచి కిటికీ దగ్గరికి నడిచింది.

"ఇలాంటి రోజు వస్తుందని తెలిసే ఈ నియమం రాశారో, తెలియక రాశారో, నాకూ తెలీదమ్మా" అంది.

వానలు పడ్డాయి. దుక్కులయ్యాయి. రపులా చెప్పలేదు. సెతున్య సెలవురోజు చూసుకుని, వచ్చేపోయే లారీలు పట్టుకుని బోరు వేస్తున్నచోటికి పోయింది. యంత్రం హోరులో అతను ఆమె మొహం చూడకుండా, కలుపు తీయడం అయ్యాక అన్నాడు. తొడుగు వాడుతున్నావా అని సిగ్గు విడిచి అడిగితే, ఆవిడ పిల్లలు కావాలని ఏడుస్తుంటే ఏమని చెప్పి వాడమంటావు అన్నాడు. ఇంటి దగ్గర ఆమె వేరే దారులు వెతికింది. ఊళ్ళో అందరూ పరీక్ష చేయించుకుంటున్నారు, మనిద్దరం కూడా పోదాం రావే అని దినేయోని అడిగింది.

"నాకెందుకే అక్కా? నా మొగుడు ఆ ఎడారిలో ఇసకని కావలించుకుని పడుకుంటాడు. నీ చదువేమో గానీ, ఎవర్ని చూసినా నీకు రోగిలాగే కనబడుతున్నారు" అని నవ్వింది.

దుక్కుల వేళ వేసిన జొన్న మోకాలెత్తు పెరిగాక, దినేయో నెల తప్పింది.

ఆ కబురు విన్న సాయంత్రం సెతున్య ఇంక ఆగలేదు. నియమం, చదువు, అన్నీ మట్టిలో కలిస్తే కలవనీ అనుకుని పక్క వాకిట్లోకి నడిచింది. దినేయో నేల మీద కూర్చుని, పాత దుప్పటి చింపి పసిగుడ్డలు చేస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది. తలెత్తి చూసి, ఏళ్ళ నాటి దిగులంతా కడిగేసినట్టున్న మొహంతో, అక్క చెయ్యి లాగి కడుపు మీద పెట్టుకుంది. ఇంకా ఏమీ తెలియని నెల అది. అయినా తెలుస్తోందా అని అడిగింది. తెలుస్తోందంది సెతున్య. చెప్పాలని వచ్చిన మాట చెప్పకుండానే తన వాకిట్లోకి తిరిగొచ్చింది. ఆ పూట తన నోరు కట్టేసింది ప్రమాణమో పిరికితనమో, ఆ తరవాత ఎన్ని ఏళ్ళు ఆలోచించినా ఆమెకి తేలలేదు.

చెయ్యగలిగింది ఒక్కటే కనిపించింది. గర్భిణుల ఆసుపత్రికి తొందరగా తీసుకుపోతే అక్కడ వాళ్ళే పరీక్ష చేస్తారు, బిడ్డకి అంటకుండా మందు కూడా ఇస్తారు. తొలిచూలు, ఆలస్యం చెయ్యకూడదని చెప్పి దినేయోని బయల్దేరదీసింది. దినేయో సంబరంగా మంచి శాలువా కప్పుకుని వచ్చింది. మొదటిసారి రక్తం తీసుకున్నారు. రెండోసారి లోపలికి పిలిచారు. సెతున్య బయట బెంచీ మీద కూర్చుంది. లోపల నర్సు ఏం చెప్తోందో, ఏ వరసలో చెప్తోందో, ఎక్కడ ఆగుతుందో, అన్నీ తను నేర్చుకున్నవే. ఒక్కొక్క మాటా గోడకివతల కూర్చుని లెక్కపెట్టుకున్నట్టే అయింది.

తలుపు తీసుకుని దినేయో బయటికొచ్చింది. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. బెంచీ మీద అక్కే రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడుస్తోంది.

దినేయో వచ్చి అక్క ఎదురుగా నిలబడింది.

"నేనింకా ఏం చెప్పలేదు కదే" అంది నెమ్మదిగా. "నువ్వెందుకు ఏడుస్తున్నావు?"

సెతున్య పక్కకి జరిగి చోటిచ్చినా దినేయో కూర్చోలేదు.

"ఎప్పట్నించి తెలుసు?"

అప్పుడు కూడా రపులా పేరు ఆమె నోట రాలేదు.

"నేను పెట్టిన సంకటి తిన్నావు. నా కడుపు మీద చెయ్యేసి, తెలుస్తోందన్నావు" అంది దినేయో. అంతే. శాలువా సర్దుకుని ఒక్కతే రోడ్డెక్కింది.

ఆ రోజు నుంచి రెండు వాకిళ్ళ మధ్య నడక ఆగిపోయింది. రపులాతో దినేయో పోట్లాడింది, తిట్టింది, చివరికి ఊరుకుంది. వాడు నా మొగుడు, వాడు అబద్ధమాడితే ఆడాడు, మగాళ్ళు ఆడతారు; అక్క కూడా ఆడితే నేనెవరితో చెప్పుకోవాలి అని బస్టాండులో తోటి ఆడవాళ్ళతో అందట. ఆ మాట సెతున్యకి చేరింది. ఆమె చదువు మధ్యలో ఆపేసి తిరిగి బడికి వచ్చేసింది. మొలోసివా మేడమ్ కబురు పెట్టినా పోలేదు.

చలికాలం పోయాక బిడ్డ పుట్టింది. మందు పనిచేసింది, బిడ్డ రక్తం శుభ్రంగా ఉందని ఆ తరవాత తేలింది. మా జనంలో పేరు ఊరికే పెట్టరు, పేరుతో ఎవరికో ఏదో చెప్తారు. దినేయో కూతురికి బోఅమ్మరూరి అని పెట్టింది. నిజం అని అర్థం. ఎవరిని ఉద్దేశించి పెట్టిందో ఊళ్ళో అందరికీ తెలుసు.

రోగుల్ని బతికించే మందులు అప్పటికింకా మా ఆసుపత్రులకి రాలేదు. వస్తాయని రేడియోలో చెప్తూ ఉండేవారు. ఆ ఎండాకాలం దినేయోకి క్షయ పట్టింది. మనిషి చిక్కి పుల్లలా అయిపోయాక, సెతున్య పిలవకుండానే పక్క వాకిట్లోకి వెళ్ళి, నీళ్ళు కాచింది. దినేయో పొమ్మనలేదు. ఒళ్ళు తుడవనిచ్చింది, జావ పట్టనిచ్చింది. మాట మాత్రం ఇవ్వలేదు. కావలసినవన్నీ వేలితో చూపేది. సెతున్య ఆ మౌనంలోనే వారాలకి వారాలు కూర్చుంది. మౌనాన్ని భరించడం ఎలాగో కాలేజీలో నేర్పారు. ఇలాంటిదాని గురించి అక్కడెవరూ చెప్పలేదు.

చివరికి ఒక పొద్దున, తల దువ్వుతుంటే, దినేయో గోడ వైపు చూస్తూ అంది:

"నువ్వు బాగానే చదువుకున్నావే. రహస్యం దాచావు."

సెతున్య చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"పిల్లని నువ్వే పెంచు. ఇంకెవరున్నారు? నిన్ను క్షమించానని మాత్రం ఎవరితోనూ చెప్పకు. చెప్తే అబద్ధమవుతుంది."

ఆ వారంలోనే పోయింది. ఆనవాయితీ ప్రకారం, పోయాక వారమంతా సాయంత్రాలు వాకిట్లో ప్రార్థనలు జరిగాయి. శనివారం తెల్లవారుతుండగా మట్టి చేశారు. తిరిగొచ్చి చేతులు కడుక్కునేచోట, అందరి ముందూ కెబొనాంగ్ మామ, చెల్లెలికన్నా చదువే ఎక్కువైంది దీనికి అన్నాడు. సెతున్య తలొంచుకుంది. నాలుగడుగుల అవతల నిలబడ్డ రపులా కూడా తలొంచుకున్నాడు.

మందులు కొన్ని నెలల తరవాత వచ్చాయి. రపులా క్యూలో నిలబడి తెచ్చుకున్నాడు. ఒళ్ళు చేశాడు, దగ్గు పోయింది. మనిషికి కాస్త బలం వచ్చాక ఒకరోజు మామ ఇంటికి పోయి, వదిన నోరు తనే కట్టేశానని చెప్పుకున్నాడు. ముసలాయన "ఇప్పుడా?" అని లోపలికి వెళ్ళిపోయాడు.

సెతున్య ఆగిన చదువు పూర్తిచేసింది. పట్టా ఇచ్చే సభకి పోలేదు. బడి మానేసి, ఇప్పుడు మొలెపొలోలెలోనే పరీక్షల గదిలో కూర్చుంటోంది. ఇంట్లో చెప్తాను, దుక్కులు కానివ్వండి అనే మగవాళ్ళు ఇప్పటికీ వస్తారు. ఇవాళే పోదాం పదండి, వాకిలి దాకా నేనూ వస్తాను అంటుంది. ఒకరిద్దరు లేచి నడుస్తారు. ఎక్కువమంది నడవరు. అలాంటివాళ్ళ మాట గది దాటనివ్వదు. ఆ రోజు ఇంటికొచ్చాక అన్నం సయించదు.

బోఅమ్మరూరి, ఇంట్లో మరూరి, ఇప్పుడు బడికి పోతోంది. సెతున్యని పెద్దమ్మా అనే పిలుస్తుంది. అమ్మ గురించి అడుగుతూనే ఉంటుంది. ఎలా నవ్వేది, మగ్విన్యలు ఎలా అమ్మేది, ఏం పాడేది, అన్నీ సెతున్య విసుగు లేకుండా చెప్తుంది. అమ్మ ఎలా చచ్చిపోయిందని అడిగితే మాత్రం, అది మీ నాన్న చెప్పాల్సిన మాట అంటుంది.

రపులా ఆదివారం ఆదివారం వస్తాడు. వాకిట్లో కూర్చుని కూతురికి జడ వెయ్యబోయి చిక్కులు పెడతాడు. సంకటి తిని, పొద్దు వాలకముందే లేచి వెళ్ళిపోతాడు. ఇంకా చెప్పలేదు.